తగ్గడం మన చేతుల్లోనే ఉంది

ఎంటెక్ రెండో ఏడాది. రాత్రి పదకొండు దాటింది. హాస్టల్ మెస్‌లో పులిహోర తిని, అలా మంచం ఎక్కానో లేదో ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది.

"సర్వర్ మీద పదహారు ప్రాసెస్‌లు వదిలిన మహానుభావుడు ఎవరు?"

ఆ మహానుభావుణ్ణి నేనే.

మా ల్యాబ్‌లో ఉన్నది ఒక్కటే సర్వర్. పదహారు కోర్లు, పైన లినక్స్. ఆరేడుగురం పంచుకునేవాళ్ళం. రోడ్ల మీద ట్రాఫిక్ ఎలా కదులుతుందో లెక్కగట్టే సిమ్యులేషన్ నాది. కోర్లు పదహారు ఉన్నాయి కదా అని పదహారు ప్రాసెస్‌లు ఒకేసారి మొదలుపెట్టి, హాయిగా భోజనానికి వెళ్ళిపోయా. అప్పటికే మా పీహెచ్‌డీ సీనియర్ పని అక్కడ నడుస్తోంది. ఆమె పేపర్‌కి రివ్యూయర్లు అడిగిన లెక్కలవి. రెండు రోజుల్లో పంపాలి. నా పదహారూ వచ్చి మీద పడేసరికి ఆమె పని వేగం సగానికి పడిపోయింది.

చెప్పులేసుకుని ల్యాబ్‌కి పరిగెత్తా. నా పని మొత్తం ఆపేస్తానని చెప్దామని నోరు తెరిచేలోపే, "ఏం ఆపక్కర్లేదు. ముందు కూర్చో" అంది.

టెర్మినల్‌లో 'టాప్' అని కొట్టింది. ఏ ప్రాసెస్ ఎంత సీపీయూ తింటోందో చూపించే పట్టిక అది. నేను రోజూ చూసేదే. అందులో 'ఎన్ఐ' అనే కాలమ్ మీద వేలు పెట్టి, "ఇదేంటో తెలుసా?" అంది. నాకు తెలీదు. అందరికీ అక్కడ సున్నానే ఉంటుంది కాబట్టి ఎప్పుడూ పట్టించుకోలేదు.

మంచితనానికి ఓ నంబరు

ఎన్ఐ అంటే నైస్. ఇంగ్లిష్‌లో మంచివాడు అంటారే, ఆ నైసే. 1970ల నాటి యునిక్స్ నుంచీ ఉన్న మాట ఇది. లినక్స్‌లో ఈ నంబరు మైనస్ 20 నుంచి 19 దాకా ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే సున్నా. ఇక్కడ చాలామంది తికమక పడతారు. నంబరు పెరిగితే ప్రాధాన్యం పెరగదు, తగ్గుతుంది. 19 దగ్గరున్న ప్రాసెస్ అందరికంటే మంచిది. "ముందు మీరు కానివ్వండి" అంటూ పక్కకి జరిగే రకం. మైనస్ 20 దగ్గరున్నది ఎవరినీ లెక్కచేయదు.

ఎంత పక్కకి జరుగుతుంది? దానికీ లెక్కుంది. లినక్స్ కెర్నెల్‌లో ఒక్కో నైస్ నంబరుకీ ఒక్కో బరువు రాసిపెట్టి ఉంటుంది. సున్నాకి 1024. పదికి 110. పంతొమ్మిదికి 15. ఒకే కోర్ మీద రెండు ప్రాసెస్‌లు పోటీపడితే, ఈ బరువుల నిష్పత్తిలో సమయం పంచుకుంటాయి. రెండూ సున్నా అయితే చెరి సగం. ఒకటి సున్నా, ఇంకోటి పది అయితే మొదటిదానికి 90 శాతం, రెండోదానికి 10 శాతం. రెండోది 19 అయితే దానికి దక్కేది ఒకటిన్నర శాతం కూడా ఉండదు.

"అయ్యో, మరి నా పని ఎప్పటికి అవుతుంది అక్కా?" అన్నా.

"వీధి కొళాయి దగ్గర బిందె పెట్టావనుకో. వెనక తొందరలో ఉన్నవాళ్ళొస్తే నీ బిందె తీసి వాళ్ళని పట్టుకోనిస్తావు. ఎవ్వరూ లేరనుకో, అప్పుడేంటి? నీ బిందెలోకే ఫుల్లుగా నీళ్ళు. నువ్వు మంచోడివని కొళాయి సన్నగా రాదు కదా" అంది.

నాకు అప్పుడు వెలిగింది. 19 పెట్టుకున్నంత మాత్రాన ప్రాసెస్ నెమ్మదైపోదు. ఇంకెవరికైనా సీపీయూ కావాల్సి వచ్చినప్పుడే తప్పుకుంటుంది. ఎవరూ లేకపోతే మొత్తం వాడుకుంటుంది. అంటే అర్ధరాత్రి, ఆదివారం, పండగ సెలవులు... అన్నీ నావే.

కొత్తగా ఏదైనా మొదలుపెట్టేటప్పుడు కమాండ్‌కి ముందు 'నైస్' అని చేర్చాలి. నంబరు ఇవ్వకపోతే పది కలుపుతుంది. ఇప్పటికే నడుస్తున్నదాన్ని మార్చాలంటే 'రీనైస్' కమాండ్‌కి కొత్త నంబరు, ప్రాసెస్ ఐడీ ఇవ్వాలి. చిన్న తేడా గుర్తుపెట్టుకోండి. లినక్స్‌లో నైస్ ఉన్నదానికి కలుపుతుంది. రీనైస్ మాత్రం మామూలుగా వాడితే, ఇచ్చిన నంబరునే నేరుగా పెట్టేస్తుంది. ఒక ప్రాసెస్ నుంచి పుట్టిన పిల్ల ప్రాసెస్‌లకి తల్లి నైస్ నంబరే వస్తుంది. కాబట్టి స్క్రిప్ట్‌ని 19లో మొదలుపెడితే, ఆ తర్వాత అది పుట్టించేవన్నీ 19లోనే ఉంటాయి.

ఆ రాత్రి నా పదహారింటినీ 19 చేశా. టాప్‌లో ఆమె ప్రాసెస్‌లన్నీ మళ్ళీ వందకి దగ్గరగా లేచాయి. నావి అడుగున ఒకటి, ఒకటిన్నర అంటూ పాకుతున్నాయి. రెండు రోజుల తర్వాత ఆమె పేపర్ వెళ్ళింది. మర్నాడు నాకు క్యాంటీన్‌లో టీ, ఓ ఉస్మానియా బిస్కెట్ దక్కాయి.

పర్మిషన్ డినైడ్

అప్పట్నుంచి నేను ఏం మొదలుపెట్టినా 19తోనే. గిల్టీ ఫీలింగ్ కొంత, గొప్ప కొంత. ల్యాబ్‌లో నాకంటే మంచోడు లేడని టాప్ చూపిస్తుంటే బాగానే ఉంటుంది మరి.

నాలుగు నెలలు గడిచాయి. ఫైనల్ రివ్యూ గురువారం ఉదయం పది గంటలకి. ఆఖరి సిమ్యులేషన్‌ని ముందటి శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి వదిలా. యథావిధిగా 19. శని, ఆదివారాలు సర్వర్ ఖాళీ. సోమవారం రాత్రికి 88 శాతం అయిపోయింది. ఇంకో పది గంటలు చాలు. పొద్దున్నకల్లా రిజల్ట్స్ వచ్చేస్తాయనుకుని నిద్రపోయా.

మంగళవారమంతా స్లైడ్లు చేసుకుంటూ కూర్చున్నా. రాత్రి తొమ్మిదింటికి చూస్తే, ఇంకా 88 శాతమే!

టాప్ తెరిచా. సోమవారం రాత్రి ఇద్దరు పని మొదలుపెట్టారు. ఒకరు సీనియర్, ఇంకొకరు నా బ్యాచ్‌మేట్. ఇద్దరివీ పదహారేసి ప్రాసెస్‌లు. ఇద్దరివీ సున్నా. నా ఒక్కో ప్రాసెస్‌కీ దక్కుతున్నది 0.7 శాతం. పెన్ను తీసి లెక్కేశా. ఇదే వేగంతో పోతే పది గంటల పనికి దాదాపు రెండు నెలలు పడుతుంది.

సరే, నాది మళ్ళీ సున్నా చేసేద్దాం అనుకున్నా. రీనైస్ కొట్టా.

"పర్మిషన్ డినైడ్."

18 పెట్టి చూశా. అదే జవాబు. ఒక్క మెట్టు, ఒక్కటే ఒక్క మెట్టు కూడా పైకి రానివ్వలేదు. ప్రాసెస్ నాది. మొదలుపెట్టింది నేను. 19 చేసిందీ నేనే. అయినా కుదరదట.

రూల్ ఇది. మామూలు యూజర్ తన సొంత ప్రాసెస్‌ల నైస్ నంబరుని ఎప్పుడైనా పెంచుకోవచ్చు. తగ్గించుకోవడం మాత్రం కుదరదు. ఆ హక్కు రూట్‌ది, అంటే అడ్మిన్‌ది. వేరేవాళ్ళ ప్రాసెస్‌ల జోలికి వెళ్తే 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అని ఇంకో రకం తిరస్కారం. మొదటిసారి వదిలేటప్పుడే మైనస్ ఐదు ఇద్దామని తెలివితేటలు చూపించినా లాభం లేదు. పైగా అక్కడో మెలిక ఉంది. లినక్స్‌లో నైస్ కమాండ్ పర్మిషన్ లేదని ఓ లైను చెప్పి, మన ప్రోగ్రామ్‌ని మామూలు నంబరుతోనే నడిపించేస్తుంది. ఆ లైను చూడకపోతే, మనకేదో స్పెషల్ ట్రీట్‌మెంట్ దొరికిందని సంబరపడిపోతాం.

ఆలోచిస్తే ఈ రూల్‌లో న్యాయం ఉంది. ఎవరికి వాళ్ళు ముందుకి జరిగే వీలుంటే, ప్రతివాడూ మైనస్ 20 పెట్టుకునేవాడు. అందరూ మైనస్ 20 అయితే మళ్ళీ అందరూ సమానమే కదా! ఆ కాలమ్‌కి అర్థమే ఉండదు. కానీ మంగళవారం రాత్రి తొమ్మిదింటికి న్యాయం గురించి ఆలోచించే ఓపిక ఎవరికుంటుంది?

అడ్మిన్ గారికి ఫోన్ చేశా. తమ్ముడి పెళ్ళని ఊరెళ్ళారు. స్విచాఫ్. ఉన్నదాన్ని చంపేసి మళ్ళీ సున్నాతో మొదలుపెడదామా అంటే, నా ప్రోగ్రామ్‌కి మధ్యలో సేవ్ చేసుకునే అలవాటు లేదు. మొదట్నుంచీ అంటే సర్వర్ మొత్తం నాదైనా 82 గంటలు. నా దగ్గర ఉన్నవి 37.

పైకి రాలేను... కానీ

సీనియర్‌కి ఫోన్ చేశా. గొంతులో ఏడుపు తెలిసిపోయి ఉంటుంది. "ల్యాబ్‌కి రా" అంది.

వచ్చి, స్క్రీన్ చూసి నవ్వింది. "నువ్వు పైకి రాలేవు, సరే. మేం కిందికి రావడానికి ఎవరి పర్మిషన్ కావాలి?"

తన టెర్మినల్ తెరిచి తన పదహారింటినీ 19 చేసింది. ఆ తర్వాత నా బ్యాచ్‌మేట్‌కి ఫోన్ చేసింది. అతనితో నాకు పెద్దగా మాటల్లేవు. రెండేళ్ళలో పది వాక్యాలు మాట్లాడుకుని ఉంటాం. హాస్టల్ నుంచే లాగిన్ అయి తనవీ 19 చేసేశాడు. గ్రూపులో మెసేజ్ పెట్టాడు: "డన్ బ్రో. ఆల్ ది బెస్ట్."

టాప్‌లో నా నంబర్లు 0.7 నుంచి కదిలాయి. 12... 25... 33. అక్కడ ఆగాయి. నా ఎన్ఐ కాలమ్‌లో ఏ మార్పూ లేదు, ఇంకా 19 అనే ఉంది. అయినా నా వాటా మూడో వంతుకి వచ్చేసింది. ఎందుకంటే నైస్ అనేది ఒంటరి నంబరు కాదు. పక్కనున్నవాళ్ళతో పోల్చినప్పుడే దానికి విలువ. అందరూ 19లో ఉంటే, అందరూ సున్నాలో ఉన్నట్టే.

పది గంటల పని, మూడో వంతు వాటా. ముప్పై గంటలు. గురువారం తెల్లవారుజామున మూడున్నరకి ఆఖరి ఫైలు వచ్చింది. పదింటికి రివ్యూలో కూర్చున్నా. బయటికొచ్చాక బ్యాచ్‌మేట్‌ని కౌగిలించుకుంటే, అతను కంగారుపడ్డాడు.

ఒక్క విషయం మర్చిపోకండి. వాళ్ళిద్దరూ తగ్గింది ఊరికే కాదు. నాకున్న రూలే వాళ్ళకీ. ఒకసారి 19కి దిగాక వాళ్ళ పనులూ మళ్ళీ పైకి రాలేవు. మర్నాడు ఇంకెవరైనా సున్నాతో వస్తే, వాళ్ళూ నాలాగే అడుగున పాకాల్సిందే. అది తెలిసే దిగారు.

అడ్మిన్ గారు ఊర్నుంచి వచ్చాక జరిగిందంతా చెప్పాం. ఆయన లిమిట్స్ ఫైల్‌లో ఓ లైను చేర్చారు. మామూలు యూజర్ కూడా తన ప్రాసెస్‌ని సున్నా దాకా వెనక్కి తెచ్చుకోవచ్చు, మైనస్‌లోకి మాత్రం వెళ్ళకూడదు. లినక్స్ కెర్నెల్ 2.6.12 నుంచి ఈ సదుపాయం ఉంది. ఆ తర్వాత లాగిన్ అయి మొదలుపెట్టిన పనులకే వర్తిస్తుంది. పాతవాటికి పనిచేయదు.

మీరూ ప్రయత్నిస్తారేమో, అందుకని ఇంకో రెండు జాగ్రత్తలు. ఒకటి, చాలా లినక్స్‌లలో ఆటోగ్రూప్ అని ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే ఒక్కో టెర్మినల్ సెషన్‌ని ఒక్కో గుంపుగా చూసి, ముందు గుంపులకి సమానంగా పంచుతుంది. అప్పుడు నైస్ నంబరు ఆ గుంపు లోపలే పనిచేస్తుంది, పక్క సెషన్ మీద ప్రభావం దాదాపు ఉండదు. మా అడ్మిన్ దాన్ని ఆపేసి ఉంచారు కాబట్టే మా కథ ఇలా నడిచింది. రెండు, నైస్ చూసుకునేది సీపీయూ ఒక్కదాన్నే. మీ ప్రోగ్రామ్ ర్యామ్ మొత్తం మింగేస్తే 19 పెట్టినా సిస్టమ్ నత్తనడకే. డిస్క్ కోసం 'ఐఓనైస్' అని వేరే కమాండ్ ఉంది.

టెర్మినల్ ముఖం ఎప్పుడూ చూడనివాళ్ళకీ ఈ కథతో సంబంధం ఉంది. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే దాని అడుగున ఉన్నదీ లినక్స్ కెర్నెలే. బ్యాక్‌గ్రౌండ్ పనులకి ఆండ్రాయిడ్ పెట్టుకున్న నంబరు 10. స్క్రీన్ మీద బొమ్మ గీసే పనికి మైనస్ 4. ఆడియోకి మైనస్ 16. మనం పాట వింటుంటే అది తెగకూడదని, వెనకాల ఏవో పనులు తగ్గి నడుస్తుంటాయి.

ఇంట్లో ఎన్ఐ కాలమ్

రివ్యూ అయిన సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే మా అక్క ఎత్తింది. మాది తణుకు. నాన్నకి జిరాక్స్ షాపు. నా ఇంటర్ అయిన ఏడాదే ఆయనకి పక్షవాతం వచ్చింది. అప్పుడు అక్క డిగ్రీ రెండో సంవత్సరం. "ముందు నువ్వు చదువుకోరా. నేను తర్వాత రాసుకుంటాలే" అని షాపులో కూర్చుంది. నేను కాకినాడలో బీటెక్‌లో చేరా.

ఆ 'తర్వాత' రాలేదు. నాన్న కాస్త తేరుకున్నాక మళ్ళీ చేరదామని వెళ్తే, గ్యాప్ ఎక్కువైపోయిందన్నారు. ఆ తర్వాత పెళ్ళి, పాప. అత్తగారిల్లు మా వీధి చివరే కావడంతో షాపు మాత్రం వదల్లేదు. ఎవరూ బలవంతం చేయలేదు. తనే తగ్గింది. తగ్గడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదా. తిరిగి వద్దామన్నప్పుడే అన్నీ అడ్డమొస్తాయి.

మా ఇంట్లో రూట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా లేదు. ఒక్క లైను రాసి అక్క ఏళ్ళని వెనక్కి తెచ్చే అడ్మిన్ ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా బాధపడి, ఉద్యోగం వచ్చాక ఏదైనా చేస్తానని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. ఉద్యోగం వచ్చింది. డబ్బులు పంపా. డబ్బులు తీసుకుంది, చదువు మాట ఎత్తితే మాత్రం నవ్వేసేది. "షాపెవరు చూస్తార్రా?"

నాకు అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆమెని పైకి లాగే హక్కు నాకు లేదు. నేను కిందికి దిగే హక్కు మాత్రం ఉంది.

పోయిన ఏడాది దూరవిద్యలో డిగ్రీకి అప్లికేషన్ నింపింది. నేను మేనేజర్‌ని అడిగి, ఆమె పరీక్షలు జరిగే ఆరు వారాలు ఇంటి నుంచి పని చేస్తానన్నా. ఓ మంచి ప్రాజెక్టు అప్పుడే మొదలవుతోంది. అందులోకి ఇంకొకర్ని తీసుకున్నారు. బాధ కలగలేదని అబద్ధం చెప్పను.

షాపులో కౌంటర్ వెనక కూర్చున్నా. పక్కన జిరాక్స్ మెషీన్, ముందు నా లాప్‌టాప్. ఆఫీసు కోడ్ కంపైల్ కావాలంటే నలభై నిమిషాలు. అదే లాప్‌టాప్ మీద కస్టమర్ల పీడీఎఫ్‌లూ ప్రింట్ తీయాలి. కాబట్టి కంపైల్‌కి ముందు నైస్ 19. వాట్సాప్‌లో హాల్ టికెట్ పంపించి, "అన్నా, బస్సుకి టైమైపోతోంది" అని నిలబడ్డ పిల్లాడికి ఫైలు వెంటనే తెరుచుకునేది. వాడు వెళ్ళాక కంపైల్ మళ్ళీ ఫుల్ స్పీడు.

మొదటి పరీక్ష రోజు పొద్దున్నే అక్క కూడా అక్కడే నిలబడింది. తన హాల్ టికెట్ ప్రింట్ కావాలంది. తీసిచ్చా. అలవాటుగా ఐదు రూపాయల బిళ్ళ కౌంటర్ మీద పెట్టింది. ఇద్దరం ఒకేసారి నవ్వాం. బిళ్ళ తీసుకోలేదు. అక్క హాల్ టికెట్ మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని, "లంచ్‌కి షట్టర్ దించేటప్పుడు మెషీన్ ఆపడం మర్చిపోకు" అని చెప్పి ఆటో ఎక్కింది.

ఇంకా మూడు పేపర్లు మిగిలాయి. వచ్చే నెల మళ్ళీ తణుకు వెళ్ళాలి.